టాస్క్ ఆర్డర్ చేతికొచ్చాక ముందు చూడాల్సింది నిధుల వరుస

అమెరికా ఫెడరల్ ప్రభుత్వానికి ఐటీ, ఇంజినీరింగ్, డేటా సేవలు అందించే చిన్న కంపెనీల్లో మన తెలుగువాళ్లవి చాలానే ఉన్నాయి. వర్జీనియా, మేరీల్యాండ్, టెక్సస్‌లలో ముందు సబ్‌కాంట్రాక్టరుగా మొదలుపెట్టి, తర్వాత ప్రైమ్ స్థాయికి, అంటే ప్రభుత్వంతో నేరుగా కాంట్రాక్టు ఉండే స్థాయికి, ఎదిగేవాళ్లూ కనిపిస్తారు. ఐడీఐక్యూ కాంట్రాక్టు (ఎంత పని, ఎప్పుడు అన్నది ముందే తేల్చకుండా, అవసరమైనప్పుడు ఆర్డర్లు ఇచ్చే మూల కాంట్రాక్టు) వచ్చిన రోజున స్వీట్లు పంచుతారు. పంచుకోవాల్సిందే, అది ఊరికే వచ్చేది కాదు. కానీ ఐడీఐక్యూ ఇచ్చేది పోటీలో నిలబడే హక్కు ఒక్కటే. ప్రభుత్వం కచ్చితంగా ఇస్తానని ఒప్పుకునేది కనీస గ్యారంటీ మాత్రమే, అది చాలా కాంట్రాక్టుల్లో చిన్న మొత్తం. అసలు పని, అసలు డబ్బు, అసలు చిక్కులు అన్నీ దాని కింద ఒక్కో పనికి విడిగా ఇచ్చే టాస్క్ ఆర్డర్‌తోనే వస్తాయి.

టాస్క్ ఆర్డర్ దానంతట అదే ఒక చిన్న కాంట్రాక్టు. దాని పరిధి, గడువు, గరిష్ఠ మొత్తం, అప్పటికి కేటాయించిన నిధులు అన్నీ దానివే. ఈ నాలుగు హద్దులూ ఒక్కసారిగా ముంచుకురావు, ఒకదాని మీద కన్నేసి ఉంచితే మిగతావి తెలియవు. చిన్న కంపెనీలను ఎక్కువగా దెబ్బతీసేది నాలుగోది. అందుకే దాని గురించి కింద కాస్త ఎక్కువగా రాశాను.

ముందు ఒక జాగ్రత్త. ఈ నిబంధనలన్నీ ఫెడరల్ అక్విజిషన్ రెగ్యులేషన్‌లో, అందరూ 'ఫార్' అనే పుస్తకంలో, 16.5 ఉపభాగంలో ఉండేవి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన అధ్యక్షుడి ఉత్తర్వుతో ఫార్ మొత్తాన్ని తిరగరాసే పని మొదలైంది, విభాగాల సంఖ్యలు మారుతున్నాయి. అయినా మీకు వర్తించేది మీ కాంట్రాక్టులో చేర్చిన క్లాజే. ప్రతి క్లాజ్ పేరు పక్కన నెల, ఏడాది ఉంటాయి. ఆ తేదీ నాటి పాఠం తీసి దగ్గర పెట్టుకోండి, ఇంటర్నెట్‌లో ఇవాళ కనిపించే పాఠం కాదు.

ఆర్డర్ పుట్టేది ఎలా

పని కావాల్సిన విభాగం ముందు ఒక ప్యాకేజీ తయారుచేసి కాంట్రాక్టింగ్ ఆఫీసరుకు, అంటే ప్రభుత్వం తరఫున కాంట్రాక్టు మీద సంతకం పెట్టే అధికారికి, పంపుతుంది. పని వివరణ పత్రం (పీడబ్ల్యూఎస్ గానీ ఎస్‌ఓడబ్ల్యూ గానీ), ప్రభుత్వం సొంతంగా వేసుకున్న ఖర్చు అంచనా, నిధులు ఉన్నాయని ధ్రువీకరించే కొనుగోలు అభ్యర్థన, నాణ్యత తనిఖీ ప్రణాళిక, సీవోఆర్‌గా (కాంట్రాక్టింగ్ ఆఫీసర్ తరఫున రోజువారీ పని చూసే ప్రతినిధి) ఎవరిని నియమించాలో ప్రతిపాదన అందులో ఉంటాయి. కాంట్రాక్టింగ్ ఆఫీసర్ మూడు విషయాలు సరిచూసుకుంటారు. పని మూల కాంట్రాక్టు పరిధిలో ఉందా? ఆర్డర్లు ఇచ్చే గడువు ఇంకా మిగిలి ఉందా? కాంట్రాక్టు మొత్తం పరిమితిలో చోటుందా? ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ ఆర్డర్ మీద అభ్యంతరం లేవనెత్తొచ్చు, దానికి డాలర్ల పరిమితి లేదు.

ఒకే ఐడీఐక్యూ పలు కంపెనీలకు ఇచ్చి ఉంటే ప్రతి ఆర్డర్‌కూ అందరికీ న్యాయమైన అవకాశం ఇవ్వాలి. మైక్రో పర్చేజ్ పరిమితి (అతి చిన్న కొనుగోళ్ల హద్దు) దాటిన ప్రతి ఆర్డర్‌కూ ఇది వర్తిస్తుంది. ఆ పరిమితి 2025 అక్టోబర్ 1 నుంచి 15,000 డాలర్లు. సులువు పద్ధతిలో కొనుగోలు చేయడానికి ఉన్న హద్దు, అంటే సింప్లిఫైడ్ పరిమితి, అదే రోజు నుంచి 3,50,000 డాలర్లకు పెరిగింది. దాన్ని దాటితే కాంట్రాక్టు ఉన్న కంపెనీలన్నిటికీ నోటీసు పంపి, ఆఫర్ ఇచ్చే అవకాశం కల్పించాలి. 75 లక్షల డాలర్లు దాటితే ఇంకా గట్టి నియమాలు. అవసరాన్ని స్పష్టంగా రాయాలి, స్పందించడానికి సరిపడా సమయమివ్వాలి, ఏ అంశానికి ఎంత ప్రాధాన్యమో ముందే చెప్పాలి, ఓడినవాళ్లు అడిగితే ఎందుకు ఓడారో వివరించాలి. ఆ వివరణ కావాలంటే నోటీసు అందిన 3 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. ఈ 3 రోజులు వారాంతంలో జారిపోవడం సర్వసాధారణం. అందుకే ఓటమి మెయిల్ రాగానే ఆ రోజే అడిగేయండి, బాధపడటానికి తర్వాత కావలసినంత సమయం ఉంటుంది.

పోటీ లేకుండా ఒకరికే ఆర్డర్ ఇవ్వడానికి మినహాయింపులున్నాయి. ఆలస్యమైతే ఒప్పుకోలేనంత అత్యవసరం, ఆ పని చేయగలిగింది ఒక్కరే కావడం, పోటీలో ఇచ్చిన ముందు ఆర్డర్‌కు సహజమైన కొనసాగింపు కావడం, కనీస గ్యారంటీ తీర్చాల్సి రావడం వంటివి. అధికారి అలసత్వంతో ముందే ప్లాన్ చేసుకోకపోవడం వీటిలో లేదు.

ఆర్డర్ ఇచ్చిన తీరు మీద ప్రొటెస్ట్‌ను (అధికారిక అభ్యంతరం) జీఏవోకు, అంటే అమెరికా కాంగ్రెస్ ఆడిట్ సంస్థకు, తీసుకెళ్లాలంటే సివిల్ విభాగాల ఆర్డర్ కోటి డాలర్లు దాటాలి. రక్షణ శాఖ ఆర్డర్లకు ఆ పరిమితి 2.5 కోట్లు ఉండేది, 2025 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టం దాన్ని 3.5 కోట్లకు పెంచింది. అంతకు తక్కువైతే ఆ విభాగపు టాస్క్ ఆర్డర్ ఆంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. ఈ పదవి ఉందన్న సంగతే చాలా మందికి తెలియదు, వారి వివరాలు మాత్రం మూల కాంట్రాక్టులోనే ఉంటాయి.

ఆర్డర్‌లో ఏమేం ఉండాలి

ఆర్డర్ ఎస్‌ఎఫ్ 1449 మీదో, రక్షణ శాఖదైతే డీడీ 1155 మీదో, ఇంకొన్నిచోట్ల ఓఎఫ్ 347 మీదో వస్తుంది. ఫారం ఏదైనా కొన్ని వివరాలు తప్పనిసరి. తేదీ, కాంట్రాక్టు నంబరు, ఆర్డర్ నంబరు, ప్రతి లైన్ ఐటమ్‌కు (క్లిన్ అంటారు) వివరణ, పరిమాణం, ధర లేదా అంచనా ఖర్చు, పని చేసే కాలం, పని చేసే చోటు, నిధుల అకౌంటింగ్ కోడు, చెల్లింపు విధానం, చెల్లించే కార్యాలయం. సంతకం పెట్టేముందు ఒక్కో వరుసనూ మీ ప్రపోజల్‌తో పక్కపక్కన పెట్టి సరిపోల్చండి.

ఎక్కువగా తేడా వచ్చేది లేబర్ కేటగిరీ పేర్లలో. ప్రపోజల్‌లో 'సీనియర్ డేటా ఇంజినీర్' అని రాసి ఉంటుంది, మూల కాంట్రాక్టు ధరల పట్టికలో 'డేటా ఇంజినీర్ 3' అని ఉంటుంది, ఆర్డర్‌లో ఈ రెండింటిలో ఏదో ఒకటి వస్తుంది. బిల్లు వేసేటప్పుడు పేరు సరిపోలకపోతే సీవోఆర్ తిప్పి పంపుతారు. రెండో తేడా ధర ఏడాదిది. ధరలు కాంట్రాక్టు సంవత్సరాన్ని బట్టి మారతాయి. ఆర్డర్ మధ్యలో కాంట్రాక్టు కొత్త ఏడాదిలోకి అడుగుపెడితే గంట ధర మారుతుందా, ఆర్డర్ ఇచ్చిన రోజు ధరే చివరిదాకా ఉంటుందా అన్నది ఆర్డర్‌లోనే రాసి ఉండాలి. లేదంటే ముందే అడిగి రాయించుకోండి.

ఇంకొకటి, ఆర్డర్ పరిమితుల క్లాజ్ 52.216-19 (52తో మొదలయ్యే సంఖ్యలన్నీ ఫార్ క్లాజులవి). అందులో ఒక ఆర్డర్‌కు కనిష్ఠం, గరిష్ఠం ఇంత అని రాస్తారు. ప్రభుత్వం ఆ గరిష్ఠాన్ని మించి ఆర్డర్ ఇచ్చినా మీరు అందులో చెప్పిన రోజుల్లోపు తిరస్కరిస్తూ వెనక్కి పంపకపోతే చేసి తీరాల్సిందే. మనుషుల్లేని కంపెనీకి పెద్ద ఆర్డర్ అన్నిసార్లూ వరం కాదు.

గరిష్ఠ మొత్తం వేరు, కేటాయించిన నిధులు వేరు

ఆర్డర్ విలువ 11,52,000 డాలర్లు అని మొదటి పేజీలో కనిపిస్తుంది. అకౌంటింగ్ వివరాల దగ్గర మాత్రం 'ప్రస్తుతం కేటాయించినది 4,80,000' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీ చేతిలో ఉన్నది రెండో సంఖ్యే. అది దాటి పనిచేస్తే ప్రభుత్వానికి చెల్లించే బాధ్యత లేదు. యాంటీ డెఫిషియెన్సీ చట్టం ప్రకారం కేటాయింపు మించి ఖర్చు ఒప్పుకోవడం అధికారికే నేరం, కాబట్టి 'తర్వాత చూసుకుందాం' అన్న మాటకు విలువ లేదు.

కాస్ట్ రీయింబర్స్‌మెంట్ ఆర్డర్‌కు (అయిన ఖర్చును ప్రభుత్వం తిరిగి చెల్లించేది) విడతలవారీగా నిధులిస్తే 52.232-22 క్లాజ్ వర్తిస్తుంది. రాబోయే 60 రోజుల్లో అయ్యే ఖర్చు కలుపుకుంటే కేటాయింపులో 75 శాతం దాటుతుందని అనుకున్నప్పుడు రాతపూర్వకంగా తెలియజేయాలి. పై ఆర్డర్‌నే తీసుకుందాం. నెలకు ఖర్చు 96,000, పని అక్టోబర్ 1న మొదలు. 4,80,000లో 75 శాతం 3,60,000. డిసెంబర్ ఆఖరుకు 2,88,000 అవుతుంది, మిగిలిన 72,000 జనవరి మూడొంతులు గడిచేసరికి, అంటే దాదాపు జనవరి 23కు అవుతుంది. దానికి 60 రోజుల ముందు అంటే నవంబర్ 24. పని మొదలై రెండు నెలలైనా కాకముందే ఉత్తరం వెళ్లిపోవాలి.

అయితే నవంబర్ 24న మీ అకౌంట్స్ మనిషి దగ్గర కనిపించేది ఏమిటి? అక్టోబర్ బిల్లు ఒక్కటే. అది చూస్తే కేటాయింపులో 20 శాతమే ఖర్చయినట్టుంటుంది, ఎవరూ కంగారుపడరు. చిక్కంతా ఇక్కడే. క్లాజ్ అడుగుతున్నది ఖర్చయిన మొత్తం, ఇంకా బిల్లు వేయనిదీ కలిపి. సబ్‌కాంట్రాక్టరు నవంబర్‌లో చేసిన పని, అతని ఇన్వాయిస్ డిసెంబర్‌లో వచ్చినా, నవంబర్ ఖర్చే. టైమ్‌షీట్లు నెలాఖరుకు మూసేదాకా ఆగకుండా వారం వారం పడ్డ గంటలను రేటుతో గుణించి, దానికి సబ్ గంటలూ ప్రయాణ ఖర్చులూ కలిపి ఒక షీట్‌లో పెట్టుకోవాలి. ఆ షీట్‌లో కేటాయింపు ఒక నిలువు వరుస, గరిష్ఠ మొత్తం ఇంకో నిలువు వరుస. ఇంతకంటే ఖరీదైన సాఫ్ట్‌వేర్ చిన్న కంపెనీకి అవసరం లేదు, ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు తెరిచి చూస్తే చాలు.

పనిచేసిన గంటలకూ వాడిన సామగ్రికీ చెల్లించే టైమ్ అండ్ మెటీరియల్స్ ఆర్డర్‌లో లెక్క వేరు. అక్కడ 52.232-7 ప్రకారం రాబోయే 30 రోజుల పనితో గరిష్ఠ ధరలో 85 శాతం దాటుతుందనుకుంటే తెలియజేయాలి. రక్షణ శాఖ ఫిక్స్‌డ్ ప్రైస్ (ముందే ధర ఖాయం చేసిన) పనికి విడతలుగా నిధులిస్తే డీఫార్స్, అంటే ఫార్‌కు రక్షణ శాఖ చేర్చుకున్న అదనపు నిబంధనల, క్లాజ్ 252.232-7007 వర్తిస్తుంది. ప్రభుత్వం చెల్లించాల్సిన మొత్తం కేటాయింపులో 85 శాతానికి చేరబోయే తేదీకి 90 రోజుల ముందే నోటీసివ్వాలి, ఆ మొత్తంలో పని రద్దయితే అయ్యే ఖర్చులనూ లెక్కగట్టాలి. 60-75, 30-85, 90-85. మూడు ఆర్డర్లున్న కంపెనీకి మూడూ ఒకేసారి ఉండొచ్చు. ఒక ఆర్డర్ అలవాటుతో ఇంకో ఆర్డర్‌కు నోటీసు ఆలస్యం చేయడం చాలాసార్లు జరుగుతుంది.

ఆ ఉత్తరం కాంట్రాక్టింగ్ ఆఫీసరుకే వెళ్లాలి, సీవోఆర్‌కు కాపీ. ఇప్పటికి ఎంత ఖర్చయింది, 75 శాతానికి ఎప్పుడు చేరుతుంది, ఆర్డర్ ముగిసేదాకా ఇంకెంత కావాలి, నిధులు రాకపోతే ఏ తేదీన పని ఆపుతారు, ఈ నాలుగూ అందులో ఉంటే చాలు. సీవోఆర్ 'డబ్బు వస్తోంది, ఆపకండి' అన్నారని పని సాగిస్తే ఆ క్లాజ్ మీకు అండగా ఉండదు. కాంట్రాక్టింగ్ ఆఫీసర్ రాతపూర్వకంగా పెంచితేనే కేటాయింపు పెరిగినట్టు అని అందులో స్పష్టంగా ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే, మనుషులను వేరే పనికి మార్చాల్సిన తేదీ ఆ ఉత్తరంలోనే ఉండటం మేలు.

ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలై సెప్టెంబర్ 30న ముగుస్తుంది. అందుకే సెప్టెంబర్‌లో ఆర్డర్లు వరదలా వస్తాయి. విడదీయగలిగే సేవలకు, అంటే నెలనెలా సాగే సహాయక పనులకు, ఒక ఏడాది నిధులతో 12 నెలలు మించకుండా తర్వాతి ఏడాదిలోకి సాగే ఆర్డర్ ఇవ్వొచ్చు. సెప్టెంబర్ 29న మొదలయ్యే ఆర్డర్లు అంత ఎక్కువగా కనిపించేది అందుకే. అక్టోబర్ తర్వాత బడ్జెట్ ఆమోదం ఆలస్యమైతే నిధులు చిన్న చిన్న విడతల్లో వస్తాయి, పై లెక్క ప్రతి విడతకూ మళ్లీ వేసుకోవాలి. బడ్జెట్ లేక ప్రభుత్వ కార్యాలయాలు మూతపడే షట్‌డౌన్ వస్తే, ఇప్పటికే పూర్తి నిధులున్న ఆర్డర్ ఆగాలన్న నియమం లేదు, కానీ భవనం మూసేస్తేనో, పర్యవేక్షించే ఉద్యోగి ఇంటికి వెళ్లిపోతేనో ఆగిపోతుంది. 2018 డిసెంబర్‌లో మొదలైన షట్‌డౌన్ 35 రోజులు, 2025 అక్టోబర్ 1న మొదలైనది 43 రోజులు నడిచింది. పని ఆపమని చెబితే ఆ ఆదేశం రాతలో అడగండి. 52.242-15 క్లాజ్ కింద ఆపితే, ఆగింపు ముగిసిన 30 రోజుల్లోపు ధర, గడువు సర్దుబాటు అడిగే హక్కు మీది.

మార్పులు, నోటి మాటలు

మీటింగులో ప్రోగ్రామ్ మేనేజర్ 'ఆ డాష్‌బోర్డుకు ఇంకో రెండు రిపోర్టులు కూడా చేర్చేయండి' అంటారు. మనవాళ్లు పెద్దవాళ్ల మాట కాదనలేరు, కస్టమర్‌ను నొప్పించడం ఇష్టముండదు. మొహమాటానికి పోయి చేసిపెడతారు. నెల తిరిగేసరికి ఆ రెండు రిపోర్టులకు ఇద్దరి శ్రమ పోతుంది, అసలు డెలివరబుల్ ఆలస్యమవుతుంది. ప్రభుత్వాన్ని కట్టుబడేలా చేసే అధికారం కాంట్రాక్టింగ్ ఆఫీసరుకే ఉంది. సీవోఆర్ నియామక పత్రంలోనే ధర, గడువు, పరిధి మార్చే అధికారం లేదని ఉంటుంది. అలా చేయించిన పనికి తర్వాత డబ్బు రావాలంటే అధికారులు దాన్ని ర్యాటిఫై చేయాలి, అంటే జరిగిపోయినదాన్ని అధికారికంగా ఆమోదించాలి, అది నెలల తరబడి సాగుతుంది, జరుగుతుందన్న హామీ లేదు.

మర్యాద చెడకుండా చేయాల్సిందిలా. అదే రోజు మెయిల్ రాయండి: 'ఇవాళ్టి సమావేశంలో రెండు అదనపు రిపోర్టులు అడిగారు. పీడబ్ల్యూఎస్ 3.2లో ఉన్న ఐదు రిపోర్టుల్లో ఇవి లేవు. వీటికి సుమారు ఇన్ని గంటలు పడతాయి. కాంట్రాక్టింగ్ ఆఫీసర్ సూచన వచ్చేదాకా ఐదు రిపోర్టుల పని కొనసాగిస్తాం.' ఎవరినీ తప్పుపట్టకుండా విషయం రికార్డులోకి ఎక్కుతుంది. ఇక అధికారికంగా మార్పు వచ్చేది ఎస్‌ఎఫ్ 30 ఫారం మీద. సేవల ఫిక్స్‌డ్ ప్రైస్ ఆర్డర్‌లో 52.243-1 ఉంటే, మార్పు ఆదేశం అందిన 30 రోజుల్లోపు సర్దుబాటు హక్కును ప్రకటించాలి. కమర్షియల్ కాంట్రాక్టుల్లో 52.212-4 ప్రకారం మార్పు ఇద్దరూ ఒప్పుకుంటేనే. మీ ఆర్డర్ ఏ రకమో తెలియకపోతే ఏ హక్కు ఉందో కూడా తెలియదు.

ప్రభుత్వం కావాలనుకుంటే పొడిగించుకునే ఆప్షన్ కాలాలు వాటంతట అవే రావు. 52.217-9 క్లాజ్ ఉంటే, అందులో వేరే సంఖ్య రాయకపోతే, గడువుకు 60 రోజుల ముందు ప్రాథమిక నోటీసు రావాలి. అది వచ్చినంత మాత్రాన ఆప్షన్ తీసుకున్నట్టు కాదు, మోడిఫికేషన్ రావాలి. 52.217-8 కింద మొత్తం 6 నెలలు మించకుండా సేవలు పొడిగించొచ్చు. ఐడీఐక్యూ గడువు ముగిసినా, గడువులోపు ఇచ్చిన ఆర్డర్ పూర్తయ్యేదాకా పాత నిబంధనలతోనే నడుస్తుంది. అయితే 52.216-22లో రాసిన తేదీ దాటాక మీరు సేవ అందించాల్సిన పని లేదు. ఆ తేదీ దాటేలా ఆర్డర్ ఇస్తే ముందే చెప్పేయండి.

బిల్లులు

సరైన ఇన్వాయిస్ అందితే మామూలుగా 30 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే ప్రభుత్వమే వడ్డీ కలుపుతుంది. ఇన్వాయిస్‌లో లోపముంటే సాధారణంగా 7 రోజుల్లోపు తిప్పి పంపాలి, సరిచేసి పంపినప్పటి నుంచి 30 రోజుల లెక్క కొత్తగా మొదలు. తిరిగి వచ్చే బిల్లుల్లో కారణాలు దాదాపు ఇవే: కాంట్రాక్టు నంబరు వేసి ఆర్డర్ నంబరు మర్చిపోవడం, గంటలను తప్పు క్లిన్ మీద వేయడం, గత నెలతో తేదీలు కలిసిపోవడం, ఆర్డర్‌లో లేని కేటగిరీ, ముందస్తు అనుమతి లేని ప్రయాణం. రక్షణ శాఖ బిల్లులు వైడ్ ఏరియా వర్క్‌ఫ్లోలో, చాలా సివిల్ విభాగాలవి ట్రెజరీ వారి ఆన్‌లైన్ ఇన్వాయిస్ వ్యవస్థ ఐపీపీలో వేస్తారు. అందులో ఆమోదించాల్సిన వ్యక్తి సెలవులో ఉంటే బదులు ఎవరో ముందే అడిగి పెట్టుకోండి. మంచి ఇన్వాయిస్ ఒక ఇన్‌బాక్స్‌లో మూడు వారాలు పడి ఉండటం అరుదేమీ కాదు.

సబ్‌లుగా ఉన్నవాళ్లకు ఒక మాట. మీ కాంట్రాక్టు ప్రైమ్‌తోనే, ప్రభుత్వంతో కాదు. సీవోఆర్ నేరుగా మీ ఇంజినీరుకు పని చెబితే ప్రైమ్‌కు తెలియజేయకుండా ముట్టుకోవద్దు. ప్రైమ్‌కు వచ్చిన కేటాయింపులో మీ వాటా ఎంతో మీ సబ్ ఆర్డర్‌లో అంకెతో సహా ఉండాలి, నోటీసు ఇవ్వాల్సిన గడువు ప్రైమ్ గడువు కంటే 15 రోజులైనా ముందుండాలి. అప్పుడే ప్రైమ్ తన ఉత్తరంలో మీ లెక్క కలపగలుగుతుంది. ప్రైమ్‌గా ఉన్నవాళ్లు చిన్న కంపెనీలకు కేటాయించిన సేవల పనిలో 52.219-14 గుర్తుంచుకోవాలి. ప్రభుత్వం మీకిచ్చే మొత్తంలో 50 శాతం మించి, మీలాంటి అర్హత లేని సబ్‌లకు ఇవ్వకూడదు. అందరికీ తెరిచిన ఐడీఐక్యూలో ఒక ఆర్డర్‌ను మాత్రమే చిన్న కంపెనీలకు కేటాయిస్తే ఆ లెక్క ఆర్డర్ వారీగా చూస్తారు, ఏడాది సగటు చూపి తప్పించుకోలేరు.

ఆర్డర్ ముగింపు

పని అయిపోయాక ఆర్డర్ మూయడానికీ గడువులున్నాయి. ఫిక్స్‌డ్ ప్రైస్ అయితే పని పూర్తయిన రుజువు అందిన 6 నెలలు, పరోక్ష ఖర్చుల రేట్లు తేల్చాల్సినవైతే 36 నెలలు, మిగతావి 20 నెలలు. మిగిలిన నిధులను ప్రభుత్వం వెనక్కి తీసుకుంటూ, మీకు ఇంకేమీ రావాల్సింది లేదని ఒక విడుదల పత్రం మీద సంతకం అడుగుతుంది. రావాల్సిన సర్దుబాటు ఏదైనా మిగిలి ఉంటే దాన్ని మొత్తంతో సహా మినహాయింపుగా రాసే సంతకం పెట్టండి. ఖాళీగా వదిలి పెట్టిన సంతకం తర్వాత వెనక్కి రాదు.

సింప్లిఫైడ్ పరిమితి దాటిన ఆర్డర్‌కు పనితీరు మదింపును సీపార్స్‌లో, అంటే కాంట్రాక్టర్ల పనితీరు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థలో, రాస్తారు. మీకు నోటీసు వచ్చిన 14 రోజుల తర్వాత, మీరు స్పందించినా స్పందించకపోయినా అది ఇతర విభాగాల అధికారులకు కనిపించడం మొదలవుతుంది. ఆలస్యానికి నిధుల కోత కారణమైతే, నవంబర్‌లో పంపిన ఆ ఉత్తరం తేదీ, దానికి ప్రభుత్వం జవాబిచ్చిన తేదీ రెండూ ఆ 14 రోజుల్లోనే మీ వ్యాఖ్యలో చేర్చండి. తర్వాతి ఆర్డర్‌కు మీ ప్రపోజల్ చదివే అధికారి ముందు చూసేది ఆ పేజీనే.